మూడు పాత డీవీడీలు, 38 నిమిషాల వీడియో: ఒక కేస్ స్టడీ

పాత డిస్కుల నుంచి వీడియో చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ తెచ్చిన కవర్‌లో మూడు డిస్కులున్నాయి. ఒకటి మామూలు డీవీడీ-ఆర్, మీద మార్కర్‌తో "క్యాసెట్ల నుంచి" అని రాసి ఉంది. రెండోది అరచేతిలో ఇమిడిపోయే 8 సెంటీమీటర్ల బుల్లి డిస్క్, హ్యాండీక్యామ్‌లోది. మూడోదాని మీద ఫొటో ప్రింట్ చేసిన కాగితం లేబుల్ అతికించి ఉంది. ఒక పక్క ఆ కాగితం లేచిపోయింది.

"ఇవన్నీ కలిపి ఒక్క వీడియో కావాలండి. నాన్నగారు ఉన్న ముక్కలు మాత్రమే. నలభై నిమిషాలు దాటొద్దు, దాటితే మావాళ్లెవరూ కూర్చోరు" అన్నారు. మళ్లీ ఆవిడే, "పెద్దది బాగానే ఆడుతుంది. లేబుల్ ఉన్నది చివర్లో ఆగిపోతుంది. చిన్నది పెడితే కంప్యూటర్ ఖాళీ డిస్క్ అంటోంది" అని చెప్పారు.

డీవీడీ నుంచి వీడియో తీయడమంటే వీడియో టీఎస్ ఫోల్డర్ తెరిచి, అందులో బొమ్మా ధ్వనీ ఉండే వీఓబీ ఫైళ్లు కాపీ చేసి ఎడిటర్‌లో పడేయడమే అనుకుంటారు చాలామంది. కొన్నేళ్లపాటు నేనూ అదే చేశాను. ఎక్కువసార్లు నడిచిపోతుంది కూడా. ఈ కేసులో నడవలేదు. రెండు రోజులు పోయాయి. తప్పు నాదే, ఎక్కడ జరిగిందో కింద చెబుతాను.

ముందే ఒక మాట. ఇంట్లో రికార్డు చేసుకున్న డిస్కులకు కాపీ కాకుండా వేసే తాళం ఉండదు. సినిమా డిస్కుల సంగతి వేరు, ఈ రాతకు దానితో సంబంధం లేదు.

ముందు ఇమేజ్, తర్వాతే మిగతాది

డిస్క్ చేతికి రాగానే ప్లే చేసి చూడాలనిపిస్తుంది. నేను చూడను. ప్లేయర్ చదవలేని చోటు వస్తే దాటేసి ముందుకు పోతుంది, ఎంత పోయిందో చెప్పదు. నాకు కావాల్సింది డిస్క్ మొత్తం, సెక్టార్ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న ముక్క) తర్వాత సెక్టార్, ఒకే ఐఎస్‌ఓ ఫైల్‌గా. దీన్నే ఇమేజ్ అంటారు. అది దొరికాక డిస్కులు కవర్‌లోకి వెళ్లిపోతాయి. పనంతా ఇమేజ్ మీదే.

దానికంటే ముందు తుడవడం. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. ట్రాక్ గుండ్రంగా పోతుంది కాబట్టి గుండ్రటి గీత పడితే అది ట్రాక్ వెంబడే చాలా దూరం నడుస్తుంది. అడ్డంగా పడ్డ గీతను డిస్క్‌లోని తప్పులు సరిదిద్దే ఏర్పాటు తట్టుకుంటుంది, ఇలాంటి గీతను తట్టుకోలేదు.

మొదటి డిస్క్ పావుగంటలో ఒక్క తప్పు కూడా లేకుండా వచ్చేసింది.

మూడోది ఏడిపించింది. డీవీడీలో డేటా లోపలి నుంచి బయటికి రాసుకుంటూ పోతుంది కాబట్టి ఫైల్ చివర అంటే డిస్క్ అంచు. ఇందులో 65 నిమిషాల వీడియో దాదాపు 4 జీబీ ఉంది, అంటే దాదాపు అంచు దాకా నిండిన డిస్క్. కాగితం లేబుల్ ఒకపక్క లేచిపోతే తిరిగేటప్పుడు డిస్క్ ఊగుతుంది, ఆ ఊపు అంచు దగ్గరే ఎక్కువ. లేబుల్ పీకేస్తే సరిపోతుంది కదా అని ఆవిడ అడిగారు. వద్దన్నాను. జిగురుతో పాటు ఏం ఊడొస్తుందో తెలియదు. లేచిన ముక్కను మాత్రం కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించాను.

ఇలాంటి డిస్కులకు నేను వాడేది జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్. ఇది మొండిగా ఒకేచోట కూర్చోదు. చదవగలిగినదంతా ముందు చదివేసి, చదవలేని చోట్లను ఒక మ్యాప్ ఫైల్‌లో రాసిపెట్టుకుంటుంది. తర్వాత ఆ చోట్లకే మళ్లీ వెళ్తుంది. సెక్టార్ సైజు 2048 బైట్లని చెప్పి, మొదటి విడతలో కష్టమైన చోట్లతో పెనుగులాడొద్దని చెప్పాను. విడత అయ్యేసరికి 11 ఎంబీ మిగిలింది.

ఇక్కడ చాలామంది అదే డ్రైవ్‌లో పది సార్లు తిప్పుతారు. దానికంటే డ్రైవ్ మార్చడం మేలు. రెండు డ్రైవ్‌ల కళ్లు ఒకలా ఉండవు. అదే ఇమేజ్, అదే మ్యాప్ ఫైల్ ఇచ్చి, పాత యూఎస్‌బీ డ్రైవ్‌లో వేశాను. అది తనకు మిగిలిన పని మాత్రమే చేసింది. 11 ఎంబీ 2.1కి దిగింది. స్పీడ్ తగ్గించి, చివరి నుంచి వెనక్కి చదవమని మూడోసారి పెట్టి పడుకున్నాను. పొద్దున్నకి మిగిలింది 640 కేబీ.

ఈ 640 అనే అంకె చూడగానే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. డీవీడీలో తప్పులు సరిదిద్దడం 16 సెక్టార్ల దిమ్మగా, అంటే 32 కేబీగా జరుగుతుంది. దిమ్మ వస్తే మొత్తం వస్తుంది, పోతే మొత్తం పోతుంది. 640 కేబీ అంటే సరిగ్గా 20 దిమ్మలు. మ్యాప్‌లో చూస్తే అవి ఏడు చోట్ల గుంపులుగా ఉన్నాయి. ఈ డిస్క్ బిట్‌రేట్ సెకనుకు 8 మెగాబిట్ల దాకా ఉంది కాబట్టి ఒక దిమ్మ సగటున ఒక ఫ్రేమ్‌కి కూడా సరిపోదు. కానీ డీవీడీల్లో వీడియోను కుదించే ఎంపెగ్-2 పద్ధతిలో చాలా ఫ్రేములు పక్క ఫ్రేమ్ మీద ఆధారపడి బతుకుతాయి. ఒకటి చెడితే మళ్లీ పూర్తి ఫ్రేమ్ వచ్చేదాకా, అంటే దాదాపు అర సెకను వరకు, తెర మీద గళ్లుగళ్లుగా చెదురుతుంది. ధ్వని అంత నష్టపోదు. ఏసీ-3 ధ్వని 32 మిల్లీసెకన్ల ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క తన కాళ్ల మీద తను నిలబడుతుంది. ఏడు చోట్లలో నాలుగు నాన్నగారు లేని భాగంలోనే పడ్డాయి. మిగతా మూడింటి సంగతి ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

బుల్లి డిస్క్ ఖాళీ కాదు. కింది వైపు వెలుతురులో వంచి చూస్తే రాసినంతమేర రంగు తేడా కంటికే తెలుస్తోంది. అప్పట్లో కెమెరాలో ఫైనలైజ్ చేయలేదు, అంతే. ఫైనలైజ్ చేయకపోతే డిస్క్‌లో విషయసూచిక పూర్తికాదు, కంప్యూటర్‌కి అందులో ఏముందో అర్థం కాదు. కెమెరా ఇంకా ఉందనీ, చార్జర్ పెడితే ఆన్ అవుతుందనీ ఆవిడ అన్నారు. అందులో పెట్టి ఫైనలైజ్ నొక్కడం సులువైన దారి. కానీ అది పాత డిస్క్ మీద కొత్తగా రాయడం. ఇన్నేళ్లు మూలన పడున్న కెమెరా లేజర్ మధ్యలో తడబడితే ఉన్నది కూడా పోతుంది. అందుకని ముందు ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాను. ఫైనలైజ్ కాని డిస్కుల్లో వీడియో ఎక్కడుందో వెతికి పట్టుకోవడం దానికి తెలుసు. 27 నిమిషాలూ దొరికాయి. కెమెరాతో పనే పడలేదు.

ఒక జాగ్రత్త: 8 సెంటీమీటర్ల డిస్క్‌ను నోట్లో పెట్టినట్టు లోపలికి లాక్కునే డ్రైవ్‌లో పెట్టకండి. అది బయటికి రాదు. ట్రే బయటికొచ్చే డ్రైవే కావాలి, ట్రే మధ్యలో ఉన్న చిన్న గుంటలో కూర్చుంటుంది.

నేను తప్పు చేసిన చోటు

తప్పు జరిగింది అన్నిటికంటే ఆరోగ్యంగా ఉన్న మొదటి డిస్క్‌తో. ఇమేజ్ తెరిస్తే ఐదు వీఓబీ ఫైళ్లు, నాలుగు ఒక్కోటి 1 జీబీ, చివరిది చిన్నది. డీవీడీలో ఒక వీఓబీ ఫైల్ 1 జీబీ దాటకూడదు, అందుకని పొడుగాటి వీడియోను ముక్కలు చేస్తారు. ముక్కలను వరుసగా అతికిస్తే మళ్లీ మొత్తం వస్తుంది. ఇంతవరకు నిజమే. అతికించాను, మార్చాను, ఎడిటర్‌లో పెట్టాను. మొదట్లో చూశాను, మాట పెదవి కలిసే ఉన్నాయి. సరే అనుకుని కట్‌లు మొదలుపెట్టాను.

రెండు రోజులు ఎడిట్ చేశాక గంటన్నర దగ్గర ఒక షాట్. నాన్నగారు బల్ల మీద చెయ్యి చరిచి ఏదో అంటారు. చెయ్యి బల్లకి తగిలింది. చప్పుడు అర సెకను తర్వాత వచ్చింది. వెనక్కి వెళ్లి చూస్తే ముందు టైటిల్‌లో (ఈ డిస్క్‌లో ఒక్కో రికార్డింగ్ ఒక్కో టైటిల్) కూడా తేడా ఉంది, కాస్త తక్కువ. దానికి ముందున్నదాంట్లో ఇంకా తక్కువ. మాట్లాడుతున్న మనిషి ముఖం దూరంగా ఉంటే ఇది కంటికి ఆనదు. చప్పట్లు, తలుపు వేయడం, చెయ్యి చరచడం, ఇలాంటివే పట్టిస్తాయి.

కారణం ఇది. ఈ డిస్క్ డీవీడీ రికార్డర్‌లో ఏడు సార్లు ఆపి ఏడు సార్లు రికార్డు చేసింది. ప్రతి రికార్డింగ్ మొదట్లో టైమ్‌స్టాంపులు, అంటే ఏ ముక్క ఎప్పుడు ఆడాలో చెప్పే గుర్తులు, మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. బొమ్మ 40 మిల్లీసెకన్ల ఫ్రేములుగా, ధ్వని 32 మిల్లీసెకన్ల ముక్కలుగా పోతుంది కాబట్టి రికార్డింగ్ ఆపినప్పుడు రెండూ ఒకే క్షణంలో ఆగవు. మొదలయ్యేటప్పుడూ అంతే. ఆ కొంచెం తేడాను సర్దే సమాచారం, ఏది ఎక్కడుందో ప్లేయర్‌కి చెప్పే ఐఎఫ్‌ఓ ఫైల్‌లోనూ టైమ్‌స్టాంపుల్లోనూ ఉంటుంది. డీవీడీ ప్లేయర్ దాన్ని చదువుకుంటూ ప్రతి టైటిల్ దగ్గరా లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. నేనేమో ఐఎఫ్‌ఓను పక్కన పెట్టేసి, ఏడు రికార్డింగులను ఒకే తాడులా పేనాను. బొమ్మను బొమ్మతో, ధ్వనిని ధ్వనితో అతికించుకుంటూ పోతే ప్రతి ముడి దగ్గరా కొంచెం కొంచెం మిగులు. ఆరు ముడుల మిగులు కలిసి అర సెకను దాటింది.

సరైన పద్ధతి వీఓబీలను అసలు ముట్టుకోకపోవడమే. ఐఎఫ్‌ఓ చెప్పిన ప్రకారం టైటిల్ తర్వాత టైటిల్ విడివిడిగా బయటికి తీయాలి, ఒక్కోటి ఒక్కో ఎంకేవీ ఫైల్‌గా, లోపలి ఎంపెగ్-2ని, ఏసీ-3ని కదపకుండా. దీనికి రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. 2024లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో టూల్‌కి కూడా డీవీడీ నిర్మాణాన్ని నేరుగా చదవడం వచ్చింది. అలా తీస్తే ఏడు ఫైళ్లలోనూ చెయ్యీ చప్పుడూ కలిశాయి.

ఏడు అన్నాను కదా, నిజానికి మొదట ఆరే వచ్చాయి. ఎల్ఎస్‌డీవీడీ అనే చిన్న టూల్‌తో డిస్క్‌లో ఏమున్నాయో జాబితా తీస్తే ఏడు టైటిళ్లు చూపిస్తోంది. నా ఫోల్డర్‌లో ఆరు. లెక్క కుదరలేదు. చూస్తే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో 120 సెకన్ల కంటే చిన్న టైటిళ్లను వదిలెయ్ అని ఉంది. సినిమా డిస్కుల్లో లోగోలు, హెచ్చరికలు రాకుండా ఉండటానికి అది మంచి సెట్టింగే. ఇంటి డిస్కులకు దాన్ని సున్నా చేయాలి. నేను చేయలేదు. వదిలేసిన ఏడో టైటిల్ నిడివి 48 సెకన్లు. అందులో నాన్నగారు పాట మొదలుపెట్టి, రెండో చరణం మర్చిపోయి, కెమెరా వైపు చూసి నవ్వేస్తారు. ఆవిడ మొదటిరోజు "ఒక పాట కూడా ఉండాలండి" అన్నది దీని గురించే. అప్పటినుంచి ఏ డిస్క్ అయినా ముందు జాబితా తీసి టైటిళ్లు లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాకే మిగతా పని.

బుల్లి డిస్క్‌లో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. హ్యాండీక్యామ్‌లో రికార్డ్ బటన్ నొక్కిన ప్రతిసారీ కొత్త క్లిప్, 27 నిమిషాల్లో 31 క్లిప్పులు. అన్నిటినీ ఒకే ఫైల్‌గా తీయకుండా క్లిప్‌కొక ఫైల్ చేశాను. ఎడిటింగ్‌కి కూడా అదే హాయి.

ఫీల్డుల గొడవ

ఈ డిస్కులన్నీ పాల్ అనే టీవీ పద్ధతిలోవి: 720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమ్‌లో రెండు ఫీల్డులు. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాతివి. కంప్యూటర్ తెర మీద రెండూ ఒకేసారి కనిపిస్తాయి కాబట్టి చెయ్యి ఊపితే అంచులు దువ్వెన పళ్లలా చీలిపోతాయి.

ఎడిటర్‌లో డీఇంటర్‌లేస్ అని టిక్ పెడితే ఆ పళ్లు పోతాయి. కానీ చాలా ఎడిటర్లు రెండు ఫీల్డుల నుంచి ఒక ఫ్రేమ్ చేసి 25 దగ్గర ఆగిపోతాయి. సగం కదలిక పోయినట్టే. పాత ఇంటి వీడియోల్లో ఆ "అక్కడే ఉన్నట్టు" అనిపించే నునుపంతా ఆ 50లోనే ఉంటుంది. అందుకే ఎడిటర్‌కి ఇవ్వకముందే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోని బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్‌తో ప్రతి ఫీల్డునీ ఒక ఫ్రేమ్ చేసి, ఎడిటింగ్‌కి అనువుగా, తక్కువ కుదింపుతో ఉండే 50 ఫ్రేముల ప్రోరెస్ ఫైళ్లు తయారుచేశాను. ధ్వని కుదింపు లేని పీసీఎంలోకి. ఫైళ్లు బాగా బరువెక్కుతాయి, అయినా పని అయ్యాక తీసేసేవే. అసలు నిధి ఐఎస్‌ఓ.

మూడో డిస్క్‌కి ఇలా చేస్తే బొమ్మ వణికింది. నడిచే మనిషి రెండడుగులు ముందుకేసి ఒకడుగు వెనక్కేసినట్టు. చూడగానే అర్థమైంది, ఫీల్డుల వరుస తారుమారు. డీవీ క్యాసెట్ కెమెరాలు కింది ఫీల్డు ముందు రాస్తాయి, డీవీడీల్లో ఎక్కువగా పై ఫీల్డు ముందు ఉంటుంది. ఈ డిస్క్ కంప్యూటర్‌లో తయారైంది. డీవీ నుంచి తెచ్చిన వీడియో వరుస అలాగే ఉంచి, మీద మాత్రం పై ఫీల్డు ముందు అని ముద్ర వేసేశారు. ఫీల్డులను విడదీసి ఒక్కోటి ముందుకు నొక్కుకుంటూ వెళ్లి నిర్ధారించుకున్నాను: చెయ్యి ముందుకి, వెనక్కి, ముందుకి. వరుస కింది ఫీల్డు ముందు అని బలవంతంగా చెప్పి మళ్లీ నడిపితే కుదురుకుంది.

ఎడిటింగ్

దీని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మూడు డిస్కులు కలిపి 3 గంటల 24 నిమిషాలు, అందులోంచి 38 నిమిషాలు. టైమ్‌లైన్ 1920×1080, సెకనుకు 50 ఫ్రేములు. బుల్లి డిస్క్ వెడల్పు తెరది, మిగతా రెండూ 4:3. ఆ రెండింటికీ పక్కల నల్లటి పట్టీలు వదిలేశాను. తెర నింపడానికి తలలు కోయడం నాకు గిట్టదు. 720×576లో పిక్సెల్ చతురస్రం కాదని ఎడిటర్‌కి చెప్పకపోతే మనుషులు కాస్త సన్నగా పొడుగ్గా కనిపిస్తారు. వెడల్పు తెరదైతే మరీ సాగిపోతారు. రంగులు కూడా పాత వీడియో వాడే 601 అనే రంగుల లెక్క నుంచి హెచ్‌డీ వాడే 709కి మార్చాలి, లేకపోతే ముఖాల రంగు కొద్దిగా తేడా కొడుతుంది.

ఏఐతో బొమ్మను పెద్దది చేయొచ్చా అని ఆవిడే అడిగారు. ఒక నిమిషం చేసి చూపించాను. చొక్కా చారలు స్పష్టంగా వచ్చాయి, ముఖం మాత్రం మైనపు బొమ్మలా అయింది. "ఇది నాన్నలా లేదండి" అన్నారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఆ మూడు చెదిరిన చోట్లలో ఒకదాని మీద పక్కన కూర్చున్న పిల్లల షాట్ వేశాను, ధ్వని అలాగే నడుస్తుంది. ఒకచోట అర సెకను కత్తిరిస్తే ఎవరికీ తెలియలేదు. మూడోది మాట మధ్యలో ఉంది, పైన వేయడానికి షాట్ లేదు. వదిలేశాను. గళ్లు ఒక్కసారి మెరిసి పోతాయి.

క్యాసెట్ల నుంచి వచ్చిన డిస్క్‌లో నాన్నగారి గొంతు ఎడమ చెవిలోనే ఉంది, రెండు వైపులా పంచాను. చివరికి హెచ్.264లో, సీఆర్‌ఎఫ్ 17తో (ఇది నాణ్యత చెప్పే అంకె, తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) ఒక్కసారే కుదించాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. అంతా బాగుందిగానీ ఆ తేదీ ఏమైందండీ అని. క్యాసెట్ల వీడియోలో అడుగున కొన్ని గీతలు ఎప్పుడూ చెదిరి ఉంటాయి, పాత టీవీల్లో అవి చట్రం వెనక దాగిపోయేవి. నేను వాటిని కోసేస్తూ, కుడి మూల కెమెరా అచ్చు వేసిన తేదీని కూడా కోసేశాను. తేదీ ఎలాగూ తప్పే కదా, పిల్లల వయసు బట్టి చూస్తే ఏడాది తేడా ఉంది అన్నాను. "తప్పేనండి. ఆయన ఎప్పుడూ సరిచేయలేదు. అందరం ఏడిపించేవాళ్లం. అది ఉండాలి" అన్నారు.

ప్రోరెస్ ఫైళ్లు అప్పటికే తీసేశాను. ఐఎస్‌ఓ ఉంది కాబట్టి క్యాసెట్ల డిస్క్ టైటిళ్లన్నీ మళ్లీ తయారుచేసి, అదే పేర్లతో అదే చోట పెట్టాను, టైమ్‌లైన్ వాటిని పట్టేసుకుంది. ఈసారి అడుగున కోయలేదు. చివరి ఎనిమిది గీతల మీద మాత్రం నల్లటి పట్టీ వేశాను, తేదీ దానికి సరిగ్గా పైన కూర్చుంది. సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే పదకొండుకి కొత్త ఫైల్ వెళ్లిపోయింది, మూడు ఐఎస్‌ఓలతో సహా.